మెట్ల కింద గది ఖాళీ చేయండి: ఫంక్షన్ హాళ్ల యజమానులకు ఒక బ్యాటరీ మెకానిక్ బహిరంగ లేఖ

పశ్చిమ గోదావరి, కోనసీమ జిల్లాల కళ్యాణ మండపాల యజమానులకు, వారి దగ్గర హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు తీసుకున్నవారికి,

నమస్కారం అండి. నాది పాలకొల్లు దగ్గర చిన్న షాపు. ట్రాక్టర్ బ్యాటరీలతో మొదలుపెట్టి, కరెంటు కోతల రోజుల్లో ఇన్వర్టర్లు చూసి, ఇప్పుడు ఎక్కువగా నేల కడిగే మిషన్ల పనే చేస్తున్నాను. తణుకు నుంచి రాజోలు దాకా మీ హాళ్లలో చాలావాటికి ఏదో ఒక రోజు టూల్ బ్యాగు పట్టుకుని వచ్చినవాడినే. అప్పుడు మొహం మీద చెప్పలేకపోయినవి ఇప్పుడు రాస్తున్నాను. బిల్లు తీసుకునేటప్పుడు యజమానితో వాదన పెట్టుకోవడం కష్టం కదండీ.

మొన్న మాఘమాసం ముహూర్తాల్లో ఒక హాలు నుంచి పొద్దున్నే ఫోన్ వచ్చింది. రాత్రి పెళ్లి అయింది, మధ్యాహ్నం ఇంకో పార్టీ దిగుతోంది, మిషను భోజనాల హాలు మధ్యలో ఆగిపోయింది. వెళ్లి చూస్తే 24 వోల్టుల మిషను, 6 వోల్టుల బ్యాటరీలు నాలుగు. సెట్టు వేసి ఎనిమిది నెలలు కూడా కాలేదు. మూతలు తీసి టార్చి వేసి చూశాను. రెండు బ్యాటరీల్లో నీళ్లలో మునిగి ఉండాల్సిన సీసం ప్లేట్లు బయటికి కనపడుతున్నాయి, వాటి మీద సున్నం వేసినట్టు తెల్లగా పట్టింది. మిగతా రెండింటిలో నీళ్లు ఉన్నాయి గానీ రంగు మారి ఎర్రగా ఉన్నాయి.

"ఆవిడ నీళ్లు పోయడం లేదండి, నెలనెలా జీతంలో పట్టుకుంటున్నాం" అన్నాడు సూపర్‌వైజరు. ఆవిడ పక్కనే నిలబడి ఉంది. యాభై ఏళ్లుంటాయి. "పోత్తానే ఉన్నానయ్యా తమ్ముడూ, వారం వారం పోత్తన్నాను" అంది. నిజమే, పోస్తోంది. ఎక్కడి నీళ్లమ్మా అని అడిగితే గిన్నెలు కడిగే చోట ఉన్న కుళాయి చూపించింది. బోరు నీళ్లు. మన దగ్గర బోరు నీళ్లు ఎలా ఉంటాయో మీకు వేరే చెప్పాలా? స్టీలు బకెట్టుకే నెల తిరక్కుండా పొర కడతాయి.

ఇంకో సంగతి కూడా ఆ రోజే చూశాను. మిషనుకి ఛార్జింగు పెట్టే చోటు మెట్ల కింద గది. అందులోనే నాలుగు గ్యాస్ సిలిండర్లు, డెకరేషన్ వాళ్ల సీరియల్ లైట్ల మూటలు, ఒక మూల దేవుడి పటం, దాని ముందు దీపం. పైనున్న వెంటిలేటరుకి దోమలు రాకుండా అట్టముక్క కొట్టారు.

ఆవిడ జీతంలో పట్టుకున్న డబ్బు ఎంతో నేను రాయను. కానీ ఆ బ్యాటరీలు చచ్చిపోయింది ఆవిడ వల్ల కాదు. ఆవిడకి ఎవరూ చెప్పని విషయాల వల్ల, ఎవరూ కొనివ్వని నీళ్ల వల్ల, ఎవరూ ఇవ్వని టైము వల్ల, ఎవరూ ఖాళీ చేయని గది వల్ల. ఈ నాలుగూ మీ చేతిలో ఉన్నవి. అందుకే ఉత్తరం మీకు రాస్తున్నాను, ఆవిడకి కాదు.

ముందు నీళ్ల సంగతి. బ్యాటరీలో ఉండేది సల్ఫ్యూరిక్ యాసిడ్, నీళ్లు. ఛార్జింగు చివర్లో నీళ్లు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి గాలిలోకి పోతాయి. యాసిడ్ లోపలే ఉండిపోతుంది. అందుకే మళ్లీ పోయాల్సింది నీళ్లే, యాసిడ్ కాదు. "గ్రావిటీ తగ్గింది, కాస్త యాసిడ్ పొయ్యండి" అనే మెకానిక్‌ని నమ్మకండి (గ్రావిటీ అంటే యాసిడ్ చిక్కదనం), ఆ మాట చెప్పింది మా వృత్తిలోవాడే అయినా సరే. పోసే నీళ్లు డిస్టిల్డ్ వాటరే అయి ఉండాలి, షాపుల్లో బ్యాటరీ వాటర్ అని అమ్ముతారు. బోరు నీళ్లలోని ఉప్పు లోపలి సీసాన్ని తినేస్తుంది. ఇనుము ఉంటే బ్యాటరీ వాడకపోయినా దానంతట అదే దిగిపోతూ ఉంటుంది. మన డెల్టాలో సముద్రం వైపు పోయేకొద్దీ, రొయ్యల చెరువుల పక్కన మరీను, భూమిలో నీళ్లు ఉప్పగానే ఉంటాయి. "ఆర్వో నీళ్లు పోస్తున్నామండి" అని గర్వంగా చెప్పినవారు కూడా ఉన్నారు. ఆర్వో నీళ్లు మనం తాగడానికి. అందులో ఖనిజాలు తగ్గుతాయే గానీ పూర్తిగా పోవు. ఏసీ నుంచి కారే నీళ్లు కూడా వద్దు. అవి రాగి గొట్టాల మీద, అల్యూమినియం రేకుల మీద, వాటికి పట్టిన దుమ్ము మీద నుంచి కారి వస్తాయి.

ఐదు లీటర్ల బ్యాటరీ వాటర్ డబ్బా ఖరీదు మీ హాల్లో ఒక విస్తరి భోజనం ఖరీదు దాటదు. వెయ్యి మందికి వడ్డించే చోట ఆ ఒక్క విస్తరి దగ్గర లెక్క చూసుకుంటున్నారు.

పోసే వేళ కూడా ముఖ్యం. ఛార్జింగు అయ్యాకే పోయాలి, ముందు కాదు. ఛార్జ్ అయ్యేటప్పుడు లోపలి ద్రవం ఉబ్బుతుంది, బుడగలు వస్తాయి. ముందే నిండా పోస్తే పొంగి పైకి వచ్చేస్తుంది. అలా పొంగింది ఉత్త నీళ్లు కాదు, యాసిడ్. ట్రే తినేస్తుంది, మిషను అడుగు తినేస్తుంది, మీ గ్రానైటు మీద మరక పడుతుంది. పైగా పోయిన యాసిడ్ బలం మళ్లీ రాదు. ఒక్కటే మినహాయింపు: ఛార్జింగు పెట్టే ముందు చూసినప్పుడు ప్లేట్లు బయటికి కనపడుతుంటే, అవి మునిగే వరకు మాత్రం పోసి ఛార్జింగు పెట్టాలి. ఆ తరవాత పూర్తి మట్టం చేయాలి. పూర్తి మట్టం అంటే మూత దగ్గరున్న గొట్టం అడుగు అంచుకి మూడు మిల్లీమీటర్లు కింద. గొంతు దాకా కాదు.

ఇక టైము. ఇదే అన్నిటికన్నా పెద్ద గొడవ, ఎందుకంటే మన పెళ్లిళ్లు రాత్రిళ్లు.

ఈ మిషన్లలో ఉండేది డీప్ సైకిల్ బ్యాటరీ. కారు బ్యాటరీ పని వేరు, తాళం తిప్పిన రెండు క్షణాలు గట్టిగా తోసి ఊరుకుంటుంది. వెంటనే డైనమో దాన్ని మళ్లీ నింపేస్తుంది. దీని పని మూడు నాలుగు గంటలు ఆగకుండా బస్తాలు మోసే కూలీ పని. అందుకని ప్లేట్లు మందంగా వేస్తారు. మధ్యలో ఒక హాలువారు ఖర్చు తగ్గుతుందని ట్రాక్టరు బ్యాటరీలు పెట్టించారు, నేను వద్దన్నా వినలేదు. ఒక్క సీజను ఆడాయి. అంతే.

ఈ కూలీకి తిండి పెట్టాలంటే ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. సన్నగా, నిదానంగా. 220 ఆంపియర్ అవర్ల (బ్యాటరీలో పట్టే కరెంటుకి అది కొలత) బ్యాటరీకి 22 నుంచి 28 ఆంపియర్ల మధ్య ఛార్జరు ఉండాలి. మొదటి నాలుగైదు గంటల్లో చాలా భాగం ఎక్కేస్తుంది. చివరి భాగానికే ఎక్కువ టైము. ఆ చివరి గంటల్లోనే బుడగలు వచ్చి యాసిడ్‌ని కిందా పైనా కలుపుతాయి. అవి లేకపోతే చిక్కటి యాసిడ్ అడుక్కి పోయి, పలచటి నీళ్లు పైన తేలిపోతాయి. మీ హాళ్లలో జరిగేది ఏమిటంటే, రాత్రి రెండింటికి భోజనాల హాలు తుడుస్తారు, ఛార్జింగు పెడతారు, నాలుగింటికి "పెళ్లికూతురి వాళ్లు టిఫిన్లకి దిగుతున్నారు" అని కేక వస్తుంది, ప్లగ్గు పీకి మళ్లీ తిప్పుతారు. పదింటికి ఇంకో గంట పెడతారు. ఇలా రోజుకి మూడు సార్లు. సీసం బ్యాటరీ ఆయుష్షు లెక్క ఎన్నిసార్లు ఛార్జింగు పెట్టాం అన్న దాని మీద కూడా ఉంటుంది. కొసరు కొసరు పెట్టిన ప్రతిసారీ ఆ లెక్కలోంచి ఒకటి పోతుంది, కడుపు మాత్రం ఎప్పుడూ నిండదు.

పైగా ఇంకో చెడ్డ అలవాటు. బ్యాటరీ దిగిపోతే మిషనులో బ్రష్షు దానంతట అదే ఆగుతుంది, అది బ్యాటరీని కాపాడటానికి పెట్టిన ఏర్పాటు. మన వాళ్లు స్విచ్చి ఆపి, పది నిమిషాలాగి, మళ్లీ వేస్తారు. వోల్టేజి కాస్త తేరుకుని ఇంకో రెండు వరసలు తిరుగుతుంది. "చూశారా, ఇంకా ఉందండి ఛార్జింగు!" అని నాకే చూపించాడు ఒక కుర్రాడు. ఉన్నది ఛార్జింగు కాదు నాయనా, ప్రాణం. సగం దిగగానే ఛార్జింగు పెడితే బ్యాటరీ చాలా కాలం మన్నుతుంది. నూటికి ఎనభై వంతులు దిగాక ఇంక ముట్టుకోకూడదు. ఆ కుర్రాడు చేసింది తొంభై దాటాక చేసిన పని. కానీ వాడేం చేస్తాడండీ, వెనకాల సూపర్‌వైజరు అరుస్తున్నాడు.

ముహూర్తాలు వరసగా ఉన్న రోజుల్లో ఒక మిషనుతో మూడు పూటలూ గడవవు. రెండో సెట్టు బ్యాటరీలైనా కొనాలి, లేదా ఉదయం టిఫిన్ల తరవాత మాపుతో తుడిపించాలి. మూడో దారి నాకు తెలియదు.

దానికి పూర్తిగా ఎదురు సమస్య మూఢం. ఆషాఢంలో, మూఢాల్లో, ధనుర్మాసంలో హాలు ఖాళీ. చివరి పెళ్లి అయిన రాత్రి తుడిచి, దిగిపోయిన బ్యాటరీతోనే మిషనుని మూలకి తోసేస్తారు. మళ్లీ శ్రావణం వచ్చాక బయటికి తీస్తారు. బ్యాటరీ దిగినప్పుడు ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ అనే పొర పడుతుంది. వెంటనే ఛార్జింగు పెడితే అది కరిగి మళ్లీ యాసిడ్‌లో కలుస్తుంది. వదిలేస్తే అరిసెల పాకం చల్లారినట్టు గట్టిపడుతుంది. ఆ తరవాత ఎంత ఛార్జింగు పెట్టినా కరగదు. నేను చూసిన చచ్చిన బ్యాటరీల్లో సగానికి పైగా పెళ్లిళ్లలో కాదు, పెళ్లిళ్లు లేని నెలల్లో చచ్చినవే. పనిలేక చచ్చిపోయే కూలీ ఈ లోకంలో ఇదొక్కటేనేమో. ఖాళీ నెలల్లో చేయాల్సింది చాలా తక్కువ. నిండా ఛార్జింగు పెట్టి ఉంచాలి, మిషను నుంచి బ్యాటరీ వైరు విప్పాలి లేదా మెయిన్ ప్లగ్గు లాగి ఉంచాలి, నెలకోసారి చూసి మళ్లీ నింపాలి. మన ఎండలకి నెల కూడా ఎక్కువే, వేడి పెరిగేకొద్దీ బ్యాటరీ దానంతట అది దిగడం కూడా పెరుగుతుంది.

ఇప్పుడు గది. ఇది డబ్బు గొడవ కాదు, ప్రాణాల గొడవ. అందుకే దీని మీద కాస్త లెక్క చెప్తాను, ఓపిక పట్టండి.

ఛార్జింగు చివర్లో హైడ్రోజన్ వస్తుందని చెప్పాను కదా. బ్యాటరీ నిండాక అదనంగా ఎక్కించే ప్రతి ఆంపియర్ అవరుకి ఒక్కో సెల్లు (బ్యాటరీ లోపలి 2 వోల్టుల అర) నుంచి అర లీటరుకి కాస్త తక్కువ హైడ్రోజన్ వస్తుంది. 24 వోల్టుల మిషనులో సెల్లులు 12. ఒక రాత్రి ఛార్జింగులో 30 ఆంపియర్ అవర్లు అదనంగా ఎక్కాయనుకోండి, అది మామూలే. లెక్క వేస్తే సుమారు 160 లీటర్లు. గాలిలో హైడ్రోజన్ నూటికి 4 వంతులు చేరితే చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. మెట్ల కింద గది అయిదడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు ఉందనుకుందాం. అందులో పట్టే గాలి సుమారు 4,200 లీటర్లు. దాంట్లో నూటికి 4 అంటే 168. అంటే తలుపు మూసి, వెంటిలేటరుకి అట్ట కొట్టిన ఆ గదిలో ఒక్క రాత్రికే దాదాపు అంచుకి వచ్చేసినట్టు. అదీ గది మొత్తం సమానంగా కలిస్తే. హైడ్రోజన్ అలా కలిసి కూర్చోదు, గాలికన్నా చాలా తేలిక కాబట్టి పైకి పోతుంది. మెట్ల వాలు కింద, సరిగ్గా బల్బు ఉన్నచోట పోగవుతుంది. పొద్దున్నే ఎవరో తలుపు తీసి బల్బు స్విచ్చి వేస్తారు.

దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. "ఏం వాసన రావట్లేదండి" అనేది ధైర్యం చెప్పే మాట కాదు. కుళ్లిన గుడ్డు వాసన వస్తోందంటే మాత్రం అది వేరే సంగతి: ఏదో బ్యాటరీ మరీ ఎక్కువగా ఛార్జ్ అయి ఉడికిపోతోంది. వెంటనే గోడ దగ్గర కరెంటు ఆపి, తలుపులు తెరిచి, బయటికి వచ్చేయాలి.

ఒక చోట రాత్రి కాపలా మనిషి ఛార్జింగులో ఉన్న మిషను పక్కన బీడీ వెలిగించాడు. పిడుగు పడినట్టు చప్పుడైందట, ఒక బ్యాటరీ పైభాగం ముక్కలైంది. అదృష్టం కొద్దీ ఆయన మొహం అటు తిప్పి ఉన్నాడు. చెంప మీద, మెడ మీద పడ్డ యాసిడ్‌ని పక్కనున్న సిమెంటు తొట్టిలో నీళ్లతో వంటవాళ్లు కడుగుతూనే ఉన్నారు, ఆటో వచ్చేదాకా. ఆ వంటవాళ్లకి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు, చేసింది మాత్రం అక్షరాలా సరైన పని. కంట్లో పడినా ఒంటి మీద పడినా కనీసం 15 నిమిషాలు ఆగకుండా మంచినీళ్లతో కడగాలి, ఆ తరవాతే ఆసుపత్రి. ఆ హాలు పేరు రాయను. ఇప్పుడు అక్కడ ఛార్జింగు వెనక వరండాలో, రేకుల షెడ్డు కింద పెడుతున్నారు.

అసలు కావాల్సింది అదేనండి. ఏసీ గదులు కట్టమనడం లేదు. మూడు వైపులా గాలి ఆడే వరండా, వాన జల్లు పడకుండా రేకు, పక్కన ఒక కుళాయి. గదే అయితే పైన వెంటిలేటరుకి అట్ట తీసేసి దోమల జాలీ కొట్టించండి, గాలి పోతుంది, దోమ రాదు. లోపలి గాలిని బయటికి లాగే ఫ్యాను పెట్టించి, దాని స్విచ్చి, లైటు స్విచ్చి గది బయట పెట్టించండి. సిలిండర్లు, దీపం, అగరొత్తులు, వెల్డింగు అక్కడ ఉండకూడదు. దేవుడిని వేరే చోట పెట్టుకుంటే ఆయనేమీ అనుకోడు. వంటశాల గోడకి ఆనుకుని కూడా వద్దు. దానికి నిప్పు ఒక్కటే కారణం కాదు, వేడి కూడా. బ్యాటరీ ఉండే చోట వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. రోహిణీ కార్తెలో మన నీడలోనే నలభై దాటుతుంది, దానికి గాడిపొయ్యి సెగ కూడా తోడు చేయకండి. ఇంత వేడిలో ఛార్జరు వోల్టేజి కూడా కాస్త తగ్గాలి, 24 వోల్టుల సెట్టుకి నలభై డిగ్రీల దగ్గర ముప్పాతిక వోల్టు దాకా. మంచి ఛార్జర్లు వేడిని బట్టి అవే తగ్గించుకుంటాయి. చవక ఛార్జర్లు మే నెలలో కూడా జనవరిలో ఇచ్చినంతే ఇస్తాయి, అందుకే వేసవిలో నీళ్లు అంత తొందరగా అయిపోతాయి.

గది మారినా మిషను మూత మూసి ఛార్జింగు పెడితే లాభం లేదు. బ్యాటరీల పైన ఉండే మూత, లేదా మురికినీళ్ల ట్యాంకు, పైకి లేపి కడ్డీ ఆనించి ఉంచాలి. ట్యాంకు ముందే ఖాళీ చేయాలి, లేకపోతే లేపేటప్పుడు ఆ మురికినీళ్లన్నీ బ్యాటరీల మీదే పడతాయి. అయితే సెల్లు మూతలు మాత్రం తీయకూడదు, వాటికి గాలి పోయే రంధ్రాలు ఉంటాయి. ఈ రెండు మూతల తేడా తెలియక ఒకటి తెరవాల్సింది మూసి, రెండోది మూయాల్సింది తెరిచి పెట్టేవాళ్లు చాలామంది. తగిలించేటప్పుడు ముందు బ్యాటరీకి ప్లగ్గు, ఆ తరవాత గోడ దగ్గర స్విచ్చి. తీసేటప్పుడు ముందు స్విచ్చి ఆపి, ఆ తరవాతే ప్లగ్గు. కరెంటు పారుతుండగా ప్లగ్గు లాగితే రవ్వ వస్తుంది, ఆ రవ్వ సరిగ్గా గ్యాసు ఉన్న చోటే వస్తుంది.

మీ దగ్గర పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. చేతికి గాజులు, మెడలో పుస్తెల గొలుసు. గాజు గాజులైతే ఫరవాలేదు, లోహపు గాజులు, గొలుసు, ఉంగరాలు బ్యాటరీల మీదికి వంగినప్పుడు ప్రమాదం. "24 వోల్టులే కదండీ, షాక్ కొట్టదు" అంటారు. షాక్ కొట్టదు, నిజమే. బ్యాటరీ మీద వైర్లు బిగించే రెండు టెర్మినల్స్ మధ్య లోహం పడితే మాత్రం వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారతాయి. నా ఎడమ చేతి ఉంగరం వేలికి చుట్టూ ఒక మచ్చ ఉంది. పాతికేళ్ల వయసులో స్పానరు జారి ఉంగరానికీ టెర్మినల్‌కీ మధ్య పడింది. క్షణంలో ఉంగరం ఎర్రగా కాలింది. పెళ్లి ఉంగరం అది, ఇంటికెళ్లాక చీవాట్లు వేరే. గొలుసు తీయమని ఆడవాళ్లని అడగడం బాగోదు, వాళ్లు తీయరు కూడా. అందుకని మెడ దాకా వచ్చే రబ్బరు ఏప్రాను కొనివ్వండి, గొలుసు లోపలికి వేసుకుంటారు. రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు ఇవ్వండి. బ్యాటరీ విప్పే స్పానర్ల పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టించండి. పక్కన ఒక డబ్బాలో వంట సోడా ఉంచండి. యాసిడ్ నేల మీద ఒలికితే లీటరు నీళ్లలో వంద గ్రాములు దాటి కలిపి పోస్తే బుసబుసమని పొంగి విరిగిపోతుంది, పొంగడం ఆగాక కడిగేయవచ్చు. అదే సోడా నీళ్లతో టెర్మినల్స్ మీద పట్టే తెల్లటి, పచ్చటి పొట్టు కూడా పోతుంది. ఆ పని చేసేటప్పుడు సెల్లు మూతలు గట్టిగా ఉండాలి, సోడా లోపలికి పోతే యాసిడే విరిగిపోతుంది. ఆరాక పెట్రోలియం జెల్లీ రాయాలి. సముద్రపు గాలి తగిలే నరసాపురం, అంతర్వేది వైపు ఈ పొట్టు మిగతా చోట్లకన్నా తొందరగా పడుతుంది.

గ్రావిటీ చూడటం ఎవరికైనా నేర్పవచ్చు. దాన్ని కొలిచే గాజు గొట్టం, హైడ్రోమీటరు, పెద్ద ఖరీదు కాదు. నిండా ఛార్జ్ అయ్యాక, నీళ్లు పోయకముందు, ప్రతి సెల్లులోంచి కాస్త లాగి చూడాలి. నేల కడిగే మిషన్ల బ్యాటరీల్లో సాధారణంగా 1.265 నుంచి 1.280 మధ్య ఉంటుంది, మీ బ్యాటరీకి అసలు ఎంత ఉండాలో దాని పుస్తకంలో ఉంటుంది. వేడిగా ఉంటే అంకె తక్కువ చూపిస్తుంది. 37 డిగ్రీల దగ్గర చూసినదానికి 0.007 కలుపుకోవాలి. అంకె కన్నా ముఖ్యం తేడా. పన్నెండు సెల్లుల్లో ఒకటి మిగతావాటికన్నా 0.030 తక్కువ ఉంటే ఈక్వలైజ్ చేయాలి, అంటే నిండాక కూడా ఇంకాస్త ఎక్కువ వోల్టేజితో రెండు మూడు గంటలు నడపాలి. ఆ టైములో మనిషి దగ్గరే ఉండాలి, బ్యాటరీ వేడి యాభై డిగ్రీలు దాటబోతుంటే ఆపేయాలి. హైడ్రోమీటరు కొననివాళ్లు కనీసం మీటరు పెట్టి చూడండి. ఛార్జింగు తీసి కొన్ని గంటలు ఊరుకున్నాక 24 వోల్టుల సెట్టు 25.4 దగ్గర ఉంటే నిండినట్టు, 24.4 అయితే సగం.

ఇదంతా నీళ్లు పోసే బ్యాటరీల సంగతి. మూతలు లేని ఏజీఎం, జెల్ బ్యాటరీలు ఉన్నవాళ్లు వాటిని స్క్రూడ్రైవరుతో తెరవకండి, ఈక్వలైజ్ అసలే వద్దు. ఛార్జరు మీద బ్యాటరీ రకం ఎంచుకునే స్విచ్చి ఉంటుంది, సెట్టు మార్చిన రోజే దాన్నీ మార్చించండి. లిథియం వేయించుకుంటే దాని ఛార్జరు దానికే ఉండాలి. ఒక సెట్టులో ఒక్క బ్యాటరీ పోతే ఒక్కదాన్నే కొత్తది వేయమని నన్ను ఒత్తిడి చేయకండి. పాతవాటి మధ్య కొత్తది వేస్తే కొన్ని నెలల్లోనే అది కూడా పాతదైపోతుంది. సెట్టు మరీ కొత్తదైతే తప్ప నేను ఆ పని చేయను.

చచ్చిన బ్యాటరీల గురించి ఒక్క మాట. బరువు తగ్గుతుందని, పాత సామాన్ల వాడికి అమ్మే ముందు యాసిడ్‌ని వెనక బోదెలోకి వంపడం నా కళ్లతో చూశాను. ఆ బోదె కాలువలో కలుస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఈ కాలువలే మనకి తాగునీళ్లు. వేసవిలో కాలువలు కట్టేసే ముందు మన ఊళ్ల మంచినీటి చెరువులు నిండేది వీటితోనే. ఆ యాసిడ్‌లో సీసం ఉంటుంది, పిల్లల మెదడుకి సీసం విషం. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీ రిజిస్టరైన రీసైక్లింగ్ వాళ్లకి చేరాలి. మీరు చేయాల్సింది సులువే. కొత్త సెట్టు అమ్మే డీలరుకే పాతది యాసిడ్‌తో సహా ఇచ్చేయండి, ధరలో తగ్గిస్తాడు.

కాంట్రాక్టర్లూ, మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. బ్యాటరీ పోయిందని ఎవరి జీతంలోనైనా పట్టుకునే ముందు ఒక పుస్తకం చూపించండి. అందులో ఏ రోజు ఎన్ని గంటలు ఛార్జింగు పెట్టారు, మధ్యలో ఎవరు పీకించారు, ఏ రోజు నీళ్లు పోశారు, ఆ నీళ్ల డబ్బా ఎప్పుడు కొన్నారు అని రాసి ఉండాలి. చదువు రానివాళ్లు గీతలు గీసినా చాలు. ఆ పుస్తకం మీ దగ్గర లేకపోతే, ఆవిడ తప్పు అని చెప్పడానికి మీ దగ్గర ఏమీ లేనట్టే. మొన్నటి హాల్లో నేను రాసిచ్చిన రిపోర్టులో "బోరు నీళ్లు, ఛార్జింగుకి టైము లేదు, గాలి లేని గది" అని కారణాలు రాశాను. ఇకముందు ప్రతి చోటా అలాగే రాస్తాను. ఆ కాగితం ఒక కాపీ మిషను తిప్పే మనిషికి కూడా ఇస్తాను. నచ్చనివారు వేరే మెకానిక్‌ని పిలుచుకోవచ్చు, నాకు కోపం లేదు.

ఆషాఢం వస్తోంది కదా, మీ హాళ్లు ఖాళీగానే ఉంటాయి. ఏదైనా ఒక పొద్దున ఫోన్ చేసి పిలవండి. మిషను తిప్పేవాళ్లందరినీ వరండాలో కూర్చోబెట్టి గంటన్నరలో ఇవన్నీ చేసి చూపిస్తాను, దానికి డబ్బు తీసుకోను. హైడ్రోమీటరు నేను తెస్తాను. ఒక డబ్బా బ్యాటరీ వాటరు మీరు తెప్పించి ఉంచండి, ఆ మెట్ల కింద సిలిండర్లు మాత్రం నేను వచ్చేలోపే తీయించండి.

ఇట్లు,
పాలకొల్లు నుంచి ఒక బ్యాటరీ మెకానిక్